ఒక చెక్ గ్రామము: దోల్నీ వ్యెస్తొనిత్సె – నేలయు, నివాసులును

గ్రామచరిత్రము వ్రాయబూనువారు సాధారణముగా ఒక వంశవృక్షమును మనస్సునందుంచుకొని వ్రాయుదురు. ఊరు కట్టినవారెవరు, వారి సంతతివారెవరు, ఆ సంతతి నేటివరకు ఎట్లు కొనసాగినది అను ప్రశ్నలే అట్టి రచనకు పునాదులు. మన గ్రామ కైఫియతులలో పెక్కింటి నిర్మాణమును ఇట్టిదే. ఈ పద్ధతిలో దోషమున్నదని నా అభిప్రాయము కాదు. కాని దీనియందొక భావము గుప్తముగా ఇమిడియున్నది: నేల ఎంత ప్రాచీనమో దానిపై నున్న జనమును అంత ప్రాచీనమను భావము. ఈ భావము ఎంతవరకు నిలుచునో పరీక్షించుటకు చెక్ దేశమునందలి దోల్నీ వ్యెస్తొనిత్సె అను చిన్న పల్లె మిక్కిలి అనుకూలముగా నున్నది. అచటి జనసంఖ్య సుమారు మూడువందలు. అచటి మన్నులో దొరకిన మానవుల ఆనవాళ్లు సుమారు ముప్పదివేల యేండ్లనాటివి. ఈ రెండు సంఖ్యలకును నడుమనున్న సంబంధమెట్టిదో తెలిసికొనుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. చెక్ భాషలో 'దోల్నీ' యనగా దిగువ. 'హోర్నీ' యనగా ఎగువ. ఒకే పేరుగల రెండు పల్లెలు పక్కపక్కనుండగా మన ప్రాంతములందును దిగువ, ఎగువ అను విశేషణములతోనే వేరుచేసి చెప్పుదురు కదా. హోర్నీ వ్యెస్తొనిత్సె దీనికి పడమరగా నున్నది. 'వ్యెస్తొనిత్సె' యనునది 'వ్యెస్తొన్' అను పురుషనామమునకు 'ఇత్సె' అను ప్రత్యయము చేరగా నేర్పడినది. ఫలానివాని మనుష్యులు అని ఆ ప్రత్యయమున కర్థము. ఇట్టి పేర్లు చెక్ దేశమున వందలకొలదిగా నున్నవి. కడపటి హల్లు మన దంత్య చకారమునకు చాల దగ్గర. అయితే మన భాషలో దంత్య చకారము ఇకార ఎకారములతో కూడి రాదు గనుక మన నోటికది కొంత కొత్తగా తోచును. జర్మను భాషీయులు ఈ పేరునే 'ఉంటర్ విస్టర్నిట్స్' అని పలికిరి. 'ఉంటర్' అనగా వారి భాషలో దిగువ. విశేషణమును వారు అనువదించుకొనిరి. నామమును మాత్రము తమ నోటి కనుగుణముగా మలచుకొనిరి. స్లావు పేరు నిలిచిన ఊరిలో స్లావులే ఎల్లకాలమును నివసించిరని చెప్పుటకు వీలులేదనుటకు ఇదియే మొదటి సాక్ష్యము.

ఊరి ఉనికి ఇట్లున్నది. మొరావియా మండలపు ముఖ్యనగరమైన బ్రనోకు దక్షిణముగా సుమారు ముప్పదియైదు కిలోమీటర్ల దూరమున, ఆస్ట్రియా సరిహద్దునకు చేరువగా, దియె నదీతీరమున ఈ పల్లె యున్నది. దక్షిణమున పాలవ కొండలు. అవి సముద్రగర్భమున జురాసిక్ యుగమునందేర్పడిన సున్నపురాతి గుట్టలు. తరువాత భూచలనములచే పైకి నెట్టబడి, చుట్టునున్న మైదానమునుండి నిట్టనిలువుగా లేచినవి. వానిలో నెల్ల నెత్తయిన ద్యెవీన్ శిఖరము సుమారు 550 మీటర్లు. దూరమునుండి చూచువారికి ఆ యెత్తు ఇంకను హెచ్చుగా తోచును; చుట్టునున్నదంతయు పల్లపునేల యగుటయే దానికి కారణము. ఊరికి ఎదురుగా స్వ్రత్క, యిహ్లవ అను నదుల జలములు దియెతో కలియును. దియె మొరావ నదిలోను, మొరావ డాన్యూబులోను కలియును. ఈ నదుల దారి వెంట ఉత్తరముగా పోయినచో 'మొరావియా ద్వారము' అను కనుమ గుండ ఓడర్ నదీప్రాంతమునకును, పోలండు మైదానములకును చేరవచ్చును. అనగా దక్షిణమునుండి ఉత్తరమునకు పోవలసిన మృగమైనను, మనుష్యుడైనను, సైన్యమైనను ఈ కొండల పాదముననే నడువవలెను. ఊరి చరిత్రమునకు సగము కారణము ఈ భౌగోళికస్థితియే.

మిగిలిన సగమునకు కారణము మన్ను. హిమయుగమున ఉత్తర ఐరోపాఖండము మంచుగడ్డలచే కప్పబడియున్నపుడు, చెట్టుచేమలు లేని బయళ్లపై వీచిన గాలులు నుసివంటి మెత్తని పసుపు ధూళిని మోసికొనివచ్చి కొండల వాలులపై పేర్చినవి. దీనిని లోయెస్ అందురు. పాలవ కొండల దిగువ వాలులపై ఈ మన్ను పొరలు పొరలుగా నున్నది. ఒక పొర పసుపు, దానిపై నల్లని పొర, మరల పసుపు. నల్లనిది వెచ్చని కాలమున గడ్డి మొలచి క్రుళ్లి యేర్పడిన నేల. పసుపుది చలికాలపు ధూళి. ఊరివద్ద ఒకప్పుడు ఇటుకల కొరకు మన్ను త్రవ్విన చోట ఈ పొరలన్నియు గోడవలె బయటపడినవి. దానిని 'యుగముల పంచాంగము' అని పిలుచుచున్నారు. ఆ మన్ను సున్నముతో కూడినది గనుక అందు ఎముకలు చెడక నిలుచును. ద్రాక్షతోటలకును అదియే మంచి నేల. నేటికిని ఈ వాలులపై ద్రాక్ష పండించి మద్యము తీయుట ఊరివారి వృత్తులలో ముఖ్యమైనది. వారి తోటల క్రిందనే మామత్ ఏనుగుల యెముకలున్నవి.

శాస్త్రీయమైన త్రవ్వకములు 1924లో బ్రనో నగరమందలి మొరావియా మ్యూజియమునకు చెందిన కారెల్ అబ్సొలొన్ ఆధ్వర్యమున ప్రారంభమయ్యెను. మరుసటి యేడు 1925 జూలై 13వ తేదీన ఒక పాత పొయ్యి బూడిదలో రెండు తునుకలు దొరకినవి. ఒకదానితో నొకటి అతికించి చూడగా అదియొక స్త్రీమూర్తి. ఎత్తు 11.1 సెంటీమీటర్లు, వెడల్పు 4.3 సెంటీమీటర్లు. తల చిన్నది, కన్నులకు మారుగా రెండు ఏటవాలు గీతలు, నడినెత్తిమీద నాలుగు రంధ్రములు, వ్రేలాడు స్తనములు, విశాలమైన కటిప్రదేశము, పాదములు లేవు. 'వ్యెస్తొనిత్సె వీనస్' అను పేరుతో ఇది ప్రపంచ ప్రసిద్ధమైనది. వీనస్ అను రోమను దేవత పేరు దీనికెంతమాత్రమును తగదు; పండితుల అలవాటుచే వచ్చి నిలిచిపోయినది.

ఈ మూర్తిని ముఖ్యముగా గమనింపవలసినది దాని రూపమును బట్టి కాదు. దాని పదార్థమును బట్టి. ఆ కాలపు స్త్రీమూర్తులు ఐరోపాలో ఇతరస్థలములందును దొరకినవి. కాని వానిలో పెక్కులు రాతియందో దంతమునందో చెక్కినవి. ఇది మట్టితో చేసి నిప్పులో కాల్చినది. మట్టికి ఎముకల పొడి కలిపియుందురని అబ్సొలొన్ తలచెను. తరువాతి పరీక్షలలో అది అచటి లోయెస్ మన్ను మాత్రమేయని తేలినది. బొహుస్లవ్ క్లీమ 1951లో వాలుపై కొంత ఎగువగా ఒక గుడిసె జాడను, దాని నడుమ ఒక ఆవమును కనుగొనెను. ఆ ఆవముచుట్టును రెండువేలకు పైగా కాలిన మట్టి తునుకలుండెను. ఎలుగులు, సింహములు, మామతులు, ఖడ్గమృగములు, వాని తలలు, కాళ్లు, ఊరక పిసికిన ముద్దలు. ఇంతటి మట్టిపని యున్నను ఒక్క కుండయైనను లేదు. మట్టిని కాల్చుట కుండకొరకే మానవుడు నేర్చెనని పాఠ్యగ్రంథములలో చదువుకొన్న మనకిది ఆశ్చర్యకరము. ఇచటివారు మట్టిని కాల్చిరి. కాని నీరు పట్టుటకు గాని, ధాన్యము నిలువచేయుటకు గాని కాదు.

మరి యెందుకు? బొమ్మలలో అత్యధికము పగిలియే దొరకినవి. 1989లో ప్రకటింపబడిన ఒక పరిశోధనము దీనికొక సమాధానము సూచించినది. ఈ మన్ను సరిగా ఆరినపిమ్మట కాల్చినచో సులభముగా పగులదు. తడిగా నుండగనే మంటలో వేసినచో ఆవిరి వెలికి రాలేక శబ్దముతో చిట్లును. 500 మొదలు 800 డిగ్రీల వేడిలో కాల్చుట తెలిసిన వారికి తడిబొమ్మ చిట్లునని తెలియకుండునా? కావున పగులగొట్టుటయే ఉద్దేశమై యుండవచ్చునని ఆ పరిశోధకుల తలంపు. నాకు ఈ తలంపు ఆకర్షకముగా తోచినను, పూర్తిగా నమ్మదగినదిగా తోచలేదు. పిల్లలు ఆటగా చేసి నిప్పులో విసరిన బొమ్మలును ఇట్లే పగులును. 2004లో వీనస్ మూర్తిని యంత్రసాహాయ్యమున పరీక్షింపగా దాని వెనుకభాగమున కాలకముందే పడిన ఒక వ్రేలిముద్ర కనబడినది. అది ఏడు మొదలు పదునైదేండ్ల లోపు వయస్సుగల బిడ్డదని నిర్ణయించిరి. బొమ్మను చేసినది ఆ బిడ్డయే యని దీనివలన సిద్ధింపదు. పచ్చిబొమ్మను ఒక బిడ్డ ముట్టెననుట మాత్రము నిశ్చయము.

మట్టి తునుకలపై మరియొక ముద్రయు కలదు. 1990లకు తరువాతి పరిశీలనలలో కొన్నింటిపై త్రాళ్ల పురియు, పడుగు పేకల అల్లికయు అచ్చుపడియుండుట గుర్తింపబడినది. నార గాని, వస్త్రము గాని మిగులలేదు. అది తడిమట్టికి తగిలిన గురుతు మాత్రము మిగిలినది. వేటాడి జీవించినవారికి నేతపని తెలియదను అభిప్రాయము దీనితో వీడిపోయినది.

సమాధులలో మొదట చెప్పదగినది 1949లో క్లీమ కనుగొనినది. సుమారు నలువది యేండ్ల వయస్సుగల స్త్రీ; సన్నని చిన్న దేహము; ముడుచుకొని పరుండబెట్టి, పైన జేగురు చల్లి, రెండు మామతుల భుజఫలకములను కప్పిరి. ప్రక్కన ధ్రువమండలపు నక్క యెముకలుండెను. ఆమె ముఖమున ఎడమభాగము ఏనాటిదో దెబ్బచేత వంకరపోయినది. ఈ ప్రదేశముననే దొరకిన, మామత్ దంతమున చెక్కిన ఒక స్త్రీముఖమును సమముగా లేక ఒక ప్రక్కకు వాలియున్నది. ఆ ముఖము ఆమెదేయని తలచినవారున్నారు. రుజువు లేదు.

ఆ వేటగాండ్ర తరువాతి సహస్రాబ్దములను మిక్కిలి సంక్షేపముగా దాటుచున్నాను. క్రీ.శ. రెండవ శతాబ్దిలో మార్కస్ అరీలియస్ చక్రవర్తి జర్మానిక్ తెగలతో చేసిన యుద్ధములందు రోమను సైన్యము నదికావలనున్న ముషొవ్ వద్ద గుట్టపై శిబిరము వేసెను. స్లావు జనులు తరువాత వచ్చిరి. మహామొరావియా రాజ్యకాలమున దియె ఒడ్డున వారి కోటయొకటి యుండెను. దానికి సమీపమున ఇసుకనేలలో వేయికి పైగా సమాధులు త్రవ్వి తీయబడినవి. ఊరికి పేరు పెట్టినవారు ఈ స్లావులేయని పేరునుబట్టి ఊహింపవచ్చును. మధ్యయుగమున జర్మను వ్యవసాయకులు దక్షిణ మొరావియాలో స్థిరపడిరి. పదునారవ శతాబ్దిలో ఈ మికులొవ్ సీమ ప్రభువులు మతవిషయమున ఉదారులగుటచే, బిడ్డలకు గాక పెద్దలకే జ్ఞానస్నానము చెల్లునని వాదించిన అనబాప్తిస్తులు ఇచట ఆశ్రయము పొందిరి. వారి పండితుడు బాల్తజార్ హుబ్మాయర్ 1526లో మికులొవ్ చేరి, 1528లో వియన్నాలో సజీవదహనము చేయబడెను. ఉమ్మడి ఆస్తితో జీవించిన వారి హుట్టరీయ శాఖవారు 1622లో మొరావియానుండి వెడలగొట్టబడి, అనేక దేశములు తిరిగి తుదకు అమెరికా ఖండము చేరిరి. కొండమీది ద్యెవిచ్కి కోట 1645లో స్వీడను సైన్యమువలన దగ్ధమై పాడువడినది. ఒక జనము వచ్చుట, మరియొక జనము పోవుట ఈ సీమకు క్రొత్త కాదని చెప్పుటకే ఇవి పేర్కొంటిని.

ఇరువదవ శతాబ్ది ఆరంభమునాటికి గ్రామస్థులలో అత్యధికులు జర్మను భాషీయులు. 1918 వరకు ఆస్ట్రియా-హంగరీ ప్రజలుగా నుండిన వీరు ఊరు కదలకయే చెకొస్లొవేకియా పౌరులైరి. 1938లో మ్యూనిక్ ఒడంబడిక ననుసరించి సరిహద్దు మండలములు హిట్లరు జర్మనీలో చేర్చబడగా మరల ఊరు కదలకయే ఆ దేశపు పౌరులైరి. త్రవ్వకములు అబ్సొలొన్ చేతినుండి తప్పినవి. వానిని చేపట్టినది హిమ్లరు నాయకత్వమునందలి 'ఆనెనెర్బె' అను సంస్థ. ఈ పదమునకు 'పూర్వుల వారసత్వము' అని అర్థము. గ్రామచరిత్రములలో అమాయకముగా దాగియుండు భావము ఇచట ఒక రాజ్యమునకు సిద్ధాంతమై, ఆయుధమై నిలిచినది. 1939 మొదలు 1942 వరకు త్రవ్వించిన అసియన్ బోమర్స్ జన్మచేత డచ్చివాడు. తీసికొనిన పని హిమయుగపు మానవుని జర్మను జాతికి మూలపురుషునిగా నిరూపించుట. అతడు త్రవ్వనేరనివాడు కాదు. అందుచేతనే విషయము మరింత శోచనీయము. త్రవ్వకపు నేర్పు సిద్ధాంతపు దోషమును కప్పిపుచ్చినది.

ఫలితమేమి? లభించిన వస్తువులలో అధికభాగమును మికులొవ్ కోటలో భద్రపరచిరి. మొరావియాలోనే ప్ర్షెద్మొస్తీ అను చోట పూర్వము దొరకిన ఇరువదికి పైబడిన మానవుల అస్థులును అచటనే యుండినవి. 1945 ఏప్రిలులో, యుద్ధము ముగియవచ్చిన దినములలో, ఆ కోట కాలిపోయెను. ముప్పదివేల యేండ్లు మన్ను కాపాడిన యెముకలు, పూర్వుల వారసత్వమును కాపాడెదమనినవారి చేతిలో కొద్దియేండ్లును నిలువలేదు. వీనస్ మూర్తి మాత్రము నష్టము కాలేదు. అది నేటికిని బ్రనోలో మొరావియా మ్యూజియమునకు చెందియున్నది.

అటుపిమ్మట వచ్చిన యేడు ఊరి చరిత్రమున ఇంకొక తెంపు. 1945-46లలో చెకొస్లొవేకియానుండి సుమారు ముప్పది లక్షలమంది జర్మను భాషీయులు వెడలగొట్టబడిరి. వారిలో ఈ పల్లెవారును ఉండిరి. హిట్లరును సమర్థించినవారు, సమర్థింపనివారు అను విచక్షణ చాలచోట్ల జరుగలేదు. తాతముత్తాతలు నాటిన ద్రాక్షతీగలను విడిచి, చేతికందిన మూటతో ఆస్ట్రియాకును జర్మనీకిని పోయిరి. ఇండ్లలోనికి మొరావియా ఇతరభాగములనుండి చెక్ కుటుంబములు వచ్చి చేరినవి. నాజీల పాలనలో చెక్ జనులు పడిన హింసను మరచి ఈ ఘట్టమును చెప్పుట అన్యాయము. ఈ ఘట్టమును మరచి ఊరి చరిత్రము వ్రాయుటయు అన్యాయమే. నేడు ఊరిలో నున్న కుటుంబములలో అధికభాగము అచట నిలిచి ఎనుబదియేండ్లే అయినది. ఊరి పేరు మాత్రము ఇప్పటి భాషలో సహజముగా పలుకుచున్నది.

నేల సైతము స్థిరముగా నిలువలేదు. 1970లు, 80లలో దియె నదిపై నొవే మ్లీనీ అను మూడు జలాశయములు వరుసగా నిర్మింపబడినవి. వరదలను ఆపుట, పొలములకు నీరిచ్చుట వాని ఉద్దేశము. ఏటేట వరదనీటితో నిండి పచ్చగా నుండిన నదీతీరపు అడవులును, పచ్చికబయళ్లును మునిగిపోయినవి. ఎదుటి ఒడ్డుననున్న ముషొవ్ గ్రామమును ఖాళీచేయించి పడగొట్టిరి. సెయింట్ లెనార్డ్ దేవాలయమొక్కటి నడిమి జలాశయమున ద్వీపముగా మిగిలినది. ఇదివరకు దిగువ వ్యెస్తొనిత్సె నదీతీరగ్రామము, ఇపుడది సరస్తీరగ్రామము. భూగోళపటములు మార్చి వ్రాయవలసివచ్చినది.

అయితే ఆ కట్టలకు మన్ను కావలసివచ్చెను. ఊరికి చేరువనున్న వాలుపై లోయెస్ త్రవ్వి తీసికొనిపోవుచుండగా యంత్రముల ముందు పురాతత్త్వజ్ఞులు త్వరత్వరగా పనిచేయవలసివచ్చినది. అట్లు 1986 ఆగస్టులో క్లీమ బృందమునకు మూడు దేహములు ఒకే గోతిలో కనబడినవి. ముగ్గురును యౌవనప్రాయులు. నడిమి దేహము ఎముకలలో పుట్టుకనుండియో, వ్యాధివలననో వచ్చిన వికృతి కలదు. ఒక ప్రక్కనున్నవాని చేతులు నడిమి దేహపు కటిప్రదేశమువైపు చాచియున్నవి. రెండవ ప్రక్కవాడు బోర్లపరుండియున్నాడు. తలలపై జేగురు. నక్క కోరలకును, దంతపు పూసలకును రంధ్రములు చేసి కట్టిన అలంకారములు.

నడిమి దేహము స్త్రీదనియు, ఆమె ప్రసవమున మరణించినదనియు, ఇరువురు పురుషులును ఆమె మరణముతో సంబంధించినవారనియు మొదట ఒక ఊహ బయలుదేరి విశేషముగా ప్రచారము పొందినది. పత్రికలకును సామాన్యపాఠకులకును అది మిక్కిలి నచ్చినది. కథవలె నున్నది గనుక. 2016లో ఆ యెముకలనుండి తీసిన డి.ఎన్.ఏ.ను పరీక్షింపగా ముగ్గురును పురుషులని తేలినది. స్త్రీ లేదు, ప్రసవము లేదు. ముగ్గురు యువకులను ఒకేసారి ఎందుకట్లు పాతిపెట్టిరను ప్రశ్న మరల మొదటికి వచ్చినది.

ఆ యేడే ఐరోపాయందలి హిమయుగ మానవుల జన్యుపరీక్షలు విస్తారముగా ప్రకటింపబడగా, ఇటలీ మొదలుగా పలుచోట్ల దొరకిన సమకాలికులలో ఈ ఊరివారితో సన్నిహితబంధుత్వము కలవారొక సముదాయముగా గుర్తింపబడిరి. పండితులు ఆ సముదాయమునకు 'వ్యెస్తొనిత్సె' అని పేరిడిరి. వ్యెస్తొన్ అను స్లావుని పేరు ఈ విధముగా అతనికంటె ఇరువదియెనిమిదివేల యేండ్ల పూర్వులకు సంక్రమించినది. 2023లో వచ్చిన విస్తృతతర పరిశోధనము ఇంకొక అడుగు ముందుకు వేసినది. హిమము అత్యధికమైన కాలమునకు పిమ్మట, అనగా సుమారు ఇరువదివేల యేండ్లకు ఈవల, ఈ సముదాయపు జన్యులక్షణములు మధ్య ఐరోపాలో కనబడుట లేదు. అదే కాలమునందలి పశ్చిమ ఐరోపా వాసుల పాయ ఫ్రాన్సు, స్పెయిను ప్రాంతములలో నిలిచినది. వ్యెస్తొనిత్సె పాయ నిలువలేదు. చలికి చచ్చిరో, ఇతరులు వచ్చి వారి స్థానము నాక్రమించిరో, ఆ వివరము వేరు విషయము. జర్మనులకు గాని, చెక్ జనులకు గాని, ముషొవ్ గుట్టపై శిబిరము వేసిన రోమనులకు గాని వారిని కులమూలపురుషులుగా చెప్పుటకు వీలులేదు. బోమర్స్ వెదకిన పూర్వులు అతడు త్రవ్విన గోతిలో లేరు.

2016లోనే పొరుగూరైన పవ్లొవ్‌లో ఈ త్రవ్వకములకు సంబంధించిన మ్యూజియమొకటి భూగర్భమున నిర్మింపబడి తెరువబడినది. దాని కాంక్రీటు గోపురములు మాత్రమే నేలపైకి కనబడును. మామతుల యెముకల కుప్పయొకటి దొరకిన చోటనే దానిని కదలింపక అందు ప్రదర్శించుచున్నారు. వెలుపల వాలు పొడవునను ద్రాక్షతోటలు. వానికి దిగువగా జలాశయము. నీటినడుమ ముషొవ్ దేవాలయపు గోపురము.